ఊర్కెనే

ఆర్మూర్ పాత బస్టాండు ఎదుటి దుకాణంలో పద్మలత బూడిదరంగు లాప్‌టాప్ మీద చేయి వేసి నిలబడింది. చిన్నది, మెరుపులు లేనిది. తెలుగులో నాలుగు మాటలు టైపు చేసి చూసింది. కీబోర్డు మెత్తగా దిగుతోంది. కరెంటు పోయినా ఒక పూట నడుస్తుందట. అంతకంటే ఏం కావాలి? పసుపుపొడి అమ్మే కంపెనీలో, ఇంట్లోంచే ఆర్డర్లకు జవాబులు రాసే ఉద్యోగం దొరికింది. సోమవారానికల్లా సొంత లాప్‌టాప్ లేకపోతే ఇంకో మనిషిని చూసుకుంటామన్నారు.

“గిది ఇచ్చెయ్ భాయ్,” అంది.

దుకాణదారు షౌకత్ నవ్వాడు. “ఆగుర్రి భాబీ. రాజేశ్ నా జిగ్రీ దోస్తు. దుబాయిల ఉన్నోనికి చెప్పకుండ అమ్మితే నా పానం తీస్తడు.” ఆమె వద్దనేలోపే తన ఫోనులో వీడియో కాల్ కలిపి ఆమె ముందు పట్టాడు.

తెరనిండా భర్త ముఖం. “పద్మా, నీకు ఫికరేంది? దసరాకు వస్తున్న గదా. ఇక్కడికెల్లి మస్తు పెద్దది తెస్త. గాడ కొంటే నలుగురు నవ్వరా?”

వాళ్ల ఊరు మోర్తాడ్‌లో, మగవాళ్లు గల్ఫ్‌కు వెళ్లిన ఇళ్లల్లో అదే రివాజు. మంచి వస్తువు గల్ఫ్ నుంచే రావాలి, అది వచ్చేదాకా ఆగాలి. పోయినసారి రాజేశ్ తెచ్చిన ట్యాబును అత్త షోకేసులో పెట్టింది. చుట్టాలొస్తే తాళం తీసి చూపిస్తుంది.

“నౌకరి సంగతి చెప్పిన గదా. కంపెనోళ్లు దసరాదాంక ఆగరంట,” అంది పద్మలత మెల్లగా.

“ఏం నౌకరి భాబీ?” అన్నాడు షౌకత్.

జవాబు ఫోనులోంచి వచ్చింది. “ఏం లేదురా, టైంపాస్. ఊర్కెనే ఇంట్ల ఉంటది గదా!”

షౌకత్ తలాడించాడు. పద్మలత తల కూడా ఊగింది.

అది ఆమె కంట పడింది. తెర మూలన చిన్న గడిలో తన ముఖం అవునవునంటోంది. మనసు ఇంకా ఏదీ తేల్చుకోలేదు, మెడ అప్పుడే ఒప్పేసుకుంది. ఎన్నేళ్లుగా ఇలా ఊగుతోందో. తనది ఓపిక అనుకునేది ఇన్నాళ్లూ. ఓపిక కాదది, మెడకు పడ్డ అలవాటు. ఆ గడిలోని మనిషి మీద ఆమెకు జాలి కలగలేదు. ఒళ్లు మండింది.

“ఊర్కె ఉంటలేను,” అంది.

“ఆఁ?”

“పొద్దంత బీడీలు జేస్తే ఊర్కెనే. మీ అమ్మను దవాఖానకు తోల్కపోతే ఊర్కెనే. గిప్పుడు నౌకరి జేస్తనన్నా ఊర్కెనేనా?”

“అరే, నేనేమన్న? పెద్దది తెస్త అన్న, గంతేగదా!”

“తే. షోకేసుల మస్తు జాగ ఉంది. గిది నాకు.”

“షౌకత్, ఇయ్యకురా!”

పద్మలత షౌకత్ చేతిలోంచి ఫోను తీసుకుని అద్దాల కౌంటరు మీద బోర్లా పెట్టింది. రాజేశ్ ఇంకా ఏదో అంటున్నాడు, ఆ మాటలు అద్దానికే. ఆమె లాప్‌టాప్‌ను తనవైపు లాక్కుంది.

“వానికి కోపమొస్తది భాబీ,” అన్నాడు షౌకత్ గొంతు తగ్గించి.

“రానియ్యి. నాకొచ్చింది గదా, నీ దుకాణం కూలిందా? బిల్లు రాయి.”