ముందు వడ్డించే పళ్లెం

అక్క పోయిన రోజు సింకులో రొయ్యలు నీళ్లలో అలాగే ఉన్నాయి. సాయంత్రం పాస్తా చేస్తానని ఫ్రీజర్లోంచి తీసి పెట్టుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక వాటిని పారేసింది చెల్లెలే. ఆ తర్వాత ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగింది లేదు. బస్సు నడిపే బావ డిపో క్యాంటీన్లో టీ, బ్రెడ్డుతో రోజులు నెట్టుకొస్తున్నాడు. చొక్కా ఒంటి మీద నిలవడం లేదు.

ఆయన చేత ఒక్క పూటైనా కడుపు నిండా తినిపించాలని చెల్లెలు పంతం పట్టింది. తను పనిచేసే కళ్లద్దాల దుకాణం నుంచి పెందరాళే బయటపడి, రొయ్యలూ, ముల్లు తీసిన చేప ముక్కలూ, క్రీమూ కొనుక్కుని తిన్నగా అక్క వంటింట్లోకి వెళ్లింది.

"ఏం బుడ్డీ, ఇవాళ ప్రయోగం ఎవరి మీద?" అన్నాడు బావ గుమ్మంలో నిలబడి.

"ఇంకెవరున్నారు బావా, మీరే దొరికారు. చేతులు కడుక్కోండి."

ఎంతోసేపు పట్టే వంట కాదు. ఒక పక్క పాస్తా ఉడుకుతుంటే, రెండో పక్క వెన్నలో వెల్లుల్లి వేగాలి. రొయ్యలూ చేపా ఇలా వేసి అలా తీసెయ్యాలి; ముదిరితే రబ్బరే. క్రీమ్ పోసి, పాస్తా ఉడికిన నీళ్లు ఓ గరిటెడు కలిపితే చిక్కగా వస్తుంది. ఆఖర్న, చిన్న రోట్లో అప్పటికప్పుడు దంచిన ఎండుమిర్చి. అక్క పాస్తా అంటే ముక్కు కారాలి, నాలుక మండాలి, అయినా ఇంకో గరిటె కావాలనిపించాలి.

మొదటి ముద్దకే బావకి పొలమారింది. కళ్ల వెంట నీళ్లు కారాయి.

"కారం ఎక్కువైందా?"

"కారమా? నాకా? మా డిపోలో అడుగు, నన్ను మించి కారం తినేవాడెవడో." మంచినీళ్లు గటగటా తాగాడు. "అది కాదమ్మా. మీ అక్క చేస్తే పాలమీగడలా దిగేది. ఆ చెయ్యి వేరు." ఫోర్కు పక్కన పెట్టేశాడు. పళ్లెం నిండుగానే ఉంది.

ఆయన చెప్పేదీ, అక్క చేతి మీద చెల్లెలు తిన్నదీ ఒకే వంట కాదు. మరి రెండూ ఆ ఒక్క బాణలిలోవే.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడైనా బావ పళ్లెమే ముందు. "డ్యూటీ దిగి ఆకలి మీదుంటారు, ఆయనకిచ్చి రావే," అని పంపేది అక్క. పళ్లెం బల్ల మీద పెట్టి తిరిగొచ్చేసరికి వంటింట్లో, మిగిలినదాంట్లోకి ఎండుమిర్చి దంచుతున్న రోలు చప్పుడు. ఆయన కడుపులో పుండుందని, కారం ముట్టొద్దని డాక్టరు చెబితే, బావ నవ్వి కొట్టిపారేశాడు. అక్క ఏమీ అనలేదు. వాదించి గెలిచే మనిషి కాదు.

"చల్లారిపోయింది బావా, ఉండండి," అని చెల్లెలు పళ్లెం తీసుకుని లేచింది. గుప్పెడు రొయ్యలూ కొంచెం క్రీమూ మిగిలాయి. మళ్లీ నీళ్లు పెట్టింది. మళ్లీ వెన్న, వెల్లుల్లి. ఈసారి రోలు జోలికి పోలేదు.

బావ ఒక ముద్ద తిని ఆగాడు.

"ఇదీ. ఇప్పుడు కుదిరింది. చూశావా, కారం కూడా ఇప్పుడే సరిపోయింది."

"అవును బావా."

"మీ అక్కకీ తెలుసు, నాకు చప్పిడి తిండి గిట్టదని."

ఆయన పళ్లెం ఊడ్చినట్టు తినేశాడు. చెల్లెలు ఎదురుగా కూర్చుని, ఆయన వదిలేసిన మొదటి పళ్లెం ముక్కు తుడుచుకుంటూ తింది.

ఆ తర్వాత చాలాసార్లు వండింది. బావ కాస్త ఒళ్లు చేశాడు. రోలు సంగతి మాత్రం ఆయనకి ఇంకా చెప్పలేదు.