వేళ్లు మొద్దుబారాక

మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే కమురు వాసన వచ్చింది. గుడ్డ మాడిందేమోనని కంగారుగా ఎత్తి చూశాను. కాలింది నా చూపుడు వేలు. తెల్లగా బొబ్బ లేచింది గాని నొప్పి లేదు. అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసి, "చొక్కాకేం కాలేదు కదా?" అన్నారు.

నాకు అండాశయంలో క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి, కీమో మొదలుపెట్టారు. మందు బాగానే పనిచేస్తోంది. పొట్టలో నీరు చేరడం ఆగింది, రక్తపరీక్షలో జబ్బు జాడ చెప్పే అంకె వందల్లోంచి మామూలుకి దిగింది. ఇంట్లో అందరితో పాటు నేనూ ఊపిరి పీల్చుకున్నాను. కానీ మూడో విడత తర్వాత వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు మొదలై, మెల్లగా అదీ పోయి, వేళ్లే లేనట్టయింది. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. గ్లాసు చేతిలో ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. పగిలినప్పుడల్లా ఆయన, "కాస్త మనసు పెట్టి చెయ్యి" అనేవాడు. నా మనసంతా ఆ గ్లాసు మీదే ఉండేది.

పార్లర్‌లో కనుబొమలు తీర్చడం నా పని. దారం మెలిపెట్టి లాగితే గీత గీసినట్టు వస్తుందని, వచ్చినవాళ్లు నేనే చెయ్యాలని కూర్చునేవాళ్లు. నా కనుబొమలు రాలిపోయాక కూడా, ఓపికున్న రోజుల్లో వెళ్లి చేశాను. పోయినవారం దారం జారి ఒకావిడ కనురెప్ప మీద గాటు పడింది. పార్లర్ నడిపే అక్క నా చేతిలోంచి దారం తీసుకుని, కొన్నాళ్లు కౌంటర్ దగ్గర కూర్చోమంది. ఎంతో మెత్తగా చెప్పింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"పనిదేముందిలే, ముందు ప్రాణం నిలవనీ" అన్నాడు మా ఆయన. నిలిచిన ఆ ప్రాణం ఏమేం వండాలో, ఏమేం ఉతకాలో ఇంట్లో అందరికీ తెలుసు. డాక్టరమ్మకి చెబుదామంటే భయం. మందు తగ్గిస్తే జబ్బు తిరగబెడితే? తగ్గించకపోతే ఈ చేతులేం కాను? కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు.

తర్వాతి విడతకి ముందు డాక్టరమ్మ నా వైపే చూస్తూ, తిమ్మిర్లేమైనా ఉన్నాయా అని అడిగింది. ఎప్పటిలాగే ఆయనే అందుకున్నాడు.

"పెద్దగా ఏం లేవండీ. మందు మాత్రం తగ్గించకండి."

ఆవిడ నా మీంచి చూపు తిప్పలేదు. "ఉంటే ఇప్పుడే చెప్పాలమ్మా. మోతాదు సర్దొచ్చు, మందు మార్చొచ్చు. జబ్బు మీద పట్టు పోకుండానే చూస్తాం. ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకుంటాయని చెప్పలేను."

ఆయన మళ్లీ నోరు తెరిచాడు.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాను ఆయనతో.

ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసి, లేచి వెళ్లాడు. తలుపు మూసుకునేదాకా ఆగి, రెండు చేతులూ బల్ల మీద పెట్టాను.

"నాకు ప్రాణమూ కావాలి డాక్టరమ్మా, ఇవీ కావాలి."