ఊరందరి పెట్టె

నేనొక ఇనుప పెట్టెను. తూటాలు మోసే పెట్టెను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని అనొద్దు. కానీ ఇప్పుడు నా కడుపులో ఉన్నవి తూటాలు కావు. ఆ మాట ఎవరికైనా చెప్పాలనే నా ఆరాటమంతా!

నేను పుట్టింది సముద్రాల అవతల. అక్కడి పనివాళ్లు నన్ను ఎంతో శ్రద్ధగా చేశారు. చుక్క తేమ లోపలికి పోకుండా మూత చుట్టూ రబ్బరు పట్టీ వేశారు. మూత మీద కలిసిన రెండు చేతుల బొమ్మ, కింద వాళ్ల భాషలో 'స్నేహపూర్వక సాయం' అన్న అక్షరాలు. ఓడరేవులో దిగినప్పుడు ఏం దండలు, ఏం ఫొటోలు! ఈ తూటాలు ఎవరి మీదికి అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అంత మర్యాదస్తులు మరి.

గోదావరి అవతలి అడవిలో, గుంపు అని పిలిచే ఇరవై గడపల కోయ పల్లె పక్కన కొత్తగా పెట్టిన పోలీసు క్యాంపుకు నన్ను తెచ్చారు. ఏడాదిలో తూటాలన్నీ అయిపోయాయి. ఎవరికి తగిలాయో నన్నడగకండి. పేలిన ప్రతిసారీ ఒళ్లు వణికేది, అంతే తెలుసు. ఒకరోజు క్యాంపు ఎత్తేసి, నన్ను వాగు ఒడ్డున విసిరేసి పోయారు.

కట్టెలకొచ్చిన సోడి కోసమ్మ నన్ను చూసి ఇంటికి మోసుకెళ్లింది. బూడిదతో తోమి ఎండబెట్టింది. "ఎలకలు కొరకవు, చెమ్మ తగలదు. ఇత్తులకు మంచిగుంటది" అని మురిసిపోయింది. నన్ను చూసి ఒక మనిషి సంతోషపడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ గుంపులో విత్తనాల పండగ చేస్తారు, ఏడాదికి ఒక్కసారే. తొలకరికి ముందు ప్రతి ఇల్లూ దోసెడు విత్తనాలు తెచ్చి ఒక్కచోట కలుపుతుంది. పూజ అయ్యాక పిడికెడు చొప్పున పంచుతారు. ఆ పిడికెడు ఇంట్లో గింజల్లో కలపందే ఎవరూ చేలో విత్తరు. పంచేదాకా 'నాది' అన్న మాట నోట రాకూడదు. వస్తే మొలక రాదట. ఆ ఏడాది విత్తనాలు కలిపింది నాలోనే.

పూజ అయింది, ఇంకా పంచలేదు. అంతలో పోలీసు జీపులొచ్చాయి. కొత్త అధికారి నా మూత మీది బొమ్మ చూసి ఉలిక్కిపడ్డాడు.

"విదేశీ పెట్టె! ఎవరిదిది?"

కోసమ్మ మొగుడు ఉంగయ్య చేతులు కట్టుకుని, "ఊరిది సారూ" అన్నాడు.

"ఊరంటే ఎవడు?"

"అందరం సారూ."

పూజారి అదే మాటన్నాడు, ముసలివాళ్లూ అదే అన్నారు. అయ్యో, ఒక్కరన్నా 'నాది' అనొచ్చుగా అని నేను లోపల ఒకటే కొట్టుకున్నాను.

"మీవోళ్లే పారేసి పోయిండ్రు సారూ. లోన ఇత్తులే ఉన్నయి, సూడండి" అంటూ కోసమ్మ నా మూత మీద చెయ్యి వేయబోయింది. తుపాకులన్నీ ఆవిడ వైపు తిరిగాయి. మూత తీస్తే పేలుతుందని వాళ్ల భయం! ఉంగయ్యతో పాటు ఐదుగురు మగవాళ్లను జీపెక్కించారు. నన్ను ఇసుక బస్తాల మధ్య పెట్టి స్టేషన్‌కు తెచ్చారు.

ఇరవై రోజులకు మనుషుల్ని వదిలారు. నన్ను మాత్రం వదల్లేదు, వసారా పక్క గదిలో పెట్టి తాళం వేశారు. నన్ను తెరవడానికి నిపుణుడు రావాలట, అదీ నేను పుట్టిన దేశం నుంచి. మృగశిర వెళ్లి ఆరుద్ర వచ్చింది. కోసమ్మ అడవి దాటి నడిచొచ్చి వసారాలో కూర్చుంటోంది.

"పెట్టె మీరే ఉంచుకోండి సారూ. మా ఇత్తులియ్యండి."

"ఇంట్లో గింజలున్నాయిగా, అవే చల్లుకోండి" అంటాడు కానిస్టేబులు.

"కలపకుండ ఎట్ల ఏస్తం సారూ?"

ఈ ఉదయం వానలోనే లారీ వచ్చింది. నాలాంటివే ఎనిమిది కొత్త పెట్టెలు, మూతల మీద అవే చేతులు. వసారాలో దించి, ఏ భయమూ లేకుండా టకటకా మూతలు తీశారు. అన్నిటి నిండా తూటాలు.

కోసమ్మ వాటి వంక చూసింది. నేనున్న గది వంక చూసింది.

"అవి తీసిండ్రు గద సారూ," అంది, "అదీ తియ్యండి."