రాళ్ళ కింది పెళ్ళికొడుకు

సీసాలో స్పిరిట్ తగ్గితే లోపలి సాలీడు ఎండి పిండైపోతుంది. అందుకని మ్యూజియం వెనకగదిలో సీసాలాయన ఒక్కొక్క మూతే తీసి నింపుతున్నాడు. ఎంత కడిగినా ఆ వాసన చేతులను వదలదు. భార్య పోయాక దాని గురించి సణిగేవాళ్ళు కూడా లేరు.

చివరి అరలో ఒక ఆడ నేలసాలీడు ఉంది. బూడిదరంగు ఒళ్ళు, వెనక రెండు పొట్టి గొట్టాలు. గూడు అల్లదు, రాళ్ళ కింద పరుగెత్తి వేటాడుతుంది. ఫలానా జాతి అని తేల్చాలంటే మగది కూడా కావాలన్నారు పైవాళ్ళు. ఏళ్ళు గడిచినా దొరకలేదు.

"బావా! నీ కూతురికి పెళ్ళికొడుకును తెచ్చా."

తోటమాలి. చెల్లెలి మొగుడు. కిటికీలోంచి చిన్న డబ్బా అందించాడు. మూతకు మేకుతో పొడిచిన చిల్లులు.

"పోయినసారి నువ్వు తెచ్చింది చీమ కదయ్యా!"

"ఈసారి వంశం మంచిదే. నీళ్ళతొట్టి దగ్గర రాయెత్తితే పరుగు లంకించుకున్నాడు. డబ్బా మాత్రం వెంటనే ఇచ్చెయ్."

సీసాలాయన అప్పటికే దాన్ని స్పిరిట్‌లోకి జార్చి మైక్రోస్కోప్ మీదకు వంగిపోయాడు. తోటమాలి ఇంకేదో అన్నాడు. "ఊఁ" అన్నాడు, తలెత్తకుండా.

నోటి పక్కన బుల్లి చేతుల కొసలు ఉబ్బి ఉన్నాయి. మగదే! సూదితో తిప్పాడు. ఉబ్బు వెనక కొక్కెంలాంటి ముల్లు. బీరువాలో ఉన్న వేరే జాతుల మగవాటిలో దేనికీ అలాంటిది లేదు. ఆడదాన్ని తెచ్చి పక్కన పెట్టాడు. వీపున అదే మచ్చ. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. పొద్దెక్కిన సంగతే తెలియలేదు.

ఖాళీ డబ్బా పట్టుకుని తోటలోకి పరుగెత్తాడు.

"బావా! వీడే! పెళ్ళికొడుకు వీడే!"

తోటమాలి తొట్టికి ఆనుకుని కూర్చున్నాడు. ఒడిలో గొట్టం, కాళ్ళ మీదుగా నీళ్ళు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో చూపు లేదు. కాపలావాడు అతని జేబులు తడుముతున్నాడు.

"గుండె పట్టేసిందని అరిచాడన్నా. నేను వచ్చేసరికే అయిపోయింది. మాత్రల డబ్బా ఏదీ? ఎప్పుడూ జేబులోనే పెట్టుకునేవాడే!"

సీసాలాయన తన చేతిలోకి చూసుకున్నాడు. పొద్దున వినీ విననట్టు వదిలేసిన మాట ఇప్పుడు చెవిలో పడింది: 'జేబులో తడిసిపోతాయని మాత్రలు ఇక్కడ పోసి పోతున్నా బావా, డబ్బాలో వేసి ఇవ్వడం మర్చిపోకు.'

కిటికీ పక్క బల్ల మీద, మైక్రోస్కోప్‌కు జానెడు దూరంలో, కాగితం ముక్కలో ఆ చిన్న తెల్ల మాత్రలు పోసినవి పోసినట్టే ఉన్నాయి.