డబ్బాలు మార్చుకునే అలవాటు

గల్ఫ్ యుద్ధం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నా ఒళ్ళు నా మాట వినదు. కీళ్ళు సలుపుతాయి, నిద్ర పట్టదు. పరీక్షల్లో మాత్రం అంతా భేషుగ్గా ఉంటుంది, ఖర్మ! “అంతా మీ భ్రమ వెర్నా గారూ” అని డాక్టర్లు చెప్పగా చెప్పగా నా చెవులు తూట్లు పడ్డాయి.

చివరికి మా ఓక్లహోమా మాజీ సైనికుల ఆసుపత్రికి డాక్టర్ పెట్రాకిస్ అనే పిల్ల వచ్చింది. తిండిలో టేస్టింగ్ సాల్ట్ లాంటివి మాన్పించి చూద్దామంది. పెద్ద డాక్టరు లిండ్‌హోమ్ మూతి విరిచాడు.

“తిండికి తగ్గే జబ్బా ఇది? రుజువేది?”

“చూడందే రుజువెక్కణ్ణుంచి ఊడిపడుతుంది సార్?”

ఆ పిల్ల నాకు అప్పుడే నచ్చేసింది.

మొత్తానికి ప్రయత్నం మొదలైంది. మూడు పూటల తిండీ ఆసుపత్రే డబ్బాల్లో ఇచ్చింది. నాలాంటి మాజీ సైనికుల్లో సగం మందికి పథ్యం, సగం మందికి మామూలుది. ఎవరిదేదో మాకూ తెలీదు, డాక్టర్లకూ తెలీదు. డబ్బాలు తీసుకుని కార్ల దగ్గరికి రాగానే డెల్బర్ట్ మొదలెట్టేవాడు. ఎడారిలో నా ట్రక్కులో పక్కన కూర్చున్నవాడు వాడే. అప్పట్నుంచీ వాడికి చేతులు వణుకుతాయి.

“సార్జెంటమ్మా, నీ టర్కీ కోడి ముక్కలు ఇటు పడెయ్. నా మాకరోనీ తీసుకో.”

“కేకు కూడా వెయ్యరా, పిసినారి వెధవా!”

సైన్యంలో ఎవడి తిండి ప్యాకెట్టు వాడు తిన్న పాపాన పోలేదు. ఇక్కడా అంతే, అందరం మార్చుకున్నాం.

రెండు నెలలకి నేను తెల్లారేదాకా నిద్రపోయాను. మెట్లెక్కాను. డెల్బర్ట్ చేతులు మాత్రం అలాగే వణుకుతున్నాయి.

“మీకిచ్చిన డబ్బాలే తిన్నారుగా?” అంది పెట్రాకిస్, కళ్ళు మెరుస్తుంటే.

“అందరివీనమ్మా,” అన్నాను తల దించుకుని.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. లిండ్‌హోమ్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక నావైపే చూస్తూ అన్నాడు, “ఇది రుజువు కాదు. కానీ ఈవిడ మెట్లెక్కింది. మళ్ళీ చేద్దాం. ముందు ఈ పథ్యం ప్రభావం పోయేదాకా కొన్ని వారాలు పాత తిండి తినాలి. నొప్పులు తిరిగి రావచ్చు.”

నాకు తగ్గింది, మీ రుజువెవరిక్కావాలి అనబోయాను. ఎదురుగా డెల్బర్ట్ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, నోటిదాకా తేలేక చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

“వద్దులే సార్జెంటమ్మా. నీకు తగ్గిందిగా.”

“నోర్ముయ్. డాక్టరమ్మా, ఎప్పట్నుంచి మొదలు?”

మర్నాడు పాత తిండి డబ్బా తెచ్చుకుని కారెక్కాను. డెల్బర్ట్ అలవాటుగా డబ్బా కోసం కిటికీలోంచి చెయ్యి పెట్టాడు. ఆ వణికే చేతి మీద ఒక్కటేశాను.