సీజర్ ఒక్కపొద్దు

ఆ శనివారం మధ్యాహ్నం రాయపూర్ శంకర్ నగర్ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ఇంటాయన రఘు, ఆయన భార్య నళిని, ఆయన తల్లి రంగనాయకమ్మ, ఊరి అవతల గుఢియారీ పేట నుంచి మామిడిపళ్ళ సంచీతో వచ్చిన రంగనాయకమ్మ తమ్ముడు కొండలరావు, నళిని అక్క కూతురు పైడి. వీళ్ళు కాక సీజర్. రంగనాయకమ్మ సీజర్‌ని కూడా మనుషుల్లోనే లెక్కవేసేది కాబట్టి ఆ పూట ఎసరు ఆరుగురికి పడింది. ఆ ఆరింటిలో సగం సీజర్‌దేనని వేరే చెప్పనక్కర్లేదు.

సీజర్ గ్రేట్ డేన్ జాతి కుక్క. నిలబడితే వాడి వీపు పైడి నడుము దాటేది. మెడ చాచకుండానే భోజనాల బల్ల మీది గిన్నెలు వాసన చూసేవాడు. ఒక్కసారి తల విదిలిస్తే చొంగ ఎగిరి గోడ మీది క్యాలెండరుకు అంటుకునేది. అందుకని పైడి నడుముకు ఎప్పుడూ ఒక పాతగుడ్డ దోపుకుని తిరిగేది. నేల మీద పడుకుంటే ఒంటి బరువుకి వాడి ముందుకాళ్ళ మోచేతుల దగ్గర చర్మం కాయలు కట్టి పగిలేది. దానికి రోజూ కొబ్బరినూనె రాయాలి. రాయపూర్ వైశాఖపు ఎండకు వాడికి వరండా గదిలో కూలరు పెట్టారు. ఆ కూలరుకి నీళ్ళు పొయ్యడం కూడా పైడి పనే. సాయంత్రం బయటికి తీసుకెళ్తే ఎవడో ఒకడు బండాపి, "అరే, కుత్తా హై కి ఘోడా?" అని, ఇది కుక్కా గుర్రమా అన్నట్టు అరిచేవాడు. పైడి తలొంచుకుని నడిచేది. సీజర్ ఆమె తరఫున కూడా తలెత్తుకుని నడిచేవాడు.

పైడి బొబ్బిలి పక్క పల్లెటూరి బడిలో పది దాకా చదివి, పై చదువుకని పిన్ని దగ్గరికి వచ్చింది. ఇక్కడి హిందీ అర్థమయ్యేదిగానీ నోట్లోంచి వచ్చేది కాదు. తెలుగు మాత్రం నోట్లోంచి ఏమంత వచ్చేదిలెండి. పగలంతా అనలేకపోయిన మాటలు పడుకునే ముందు డైరీలో రాసుకునేది. మాట అవసరం లేకుండా ఆమెను అర్థం చేసుకున్నది ఆ ఇంట్లో సీజర్ ఒక్కడే. ఆమె కూర్చుంటే వచ్చి వెనక్కి తిరిగి, పెద్దమనిషిలా ఆమె ఒళ్ళో కూర్చోబోయేవాడు. నడుం విరిగేలా ఉన్నా పైడి కదిలేది కాదు.

వాడికి శనివారం ఒక్కపొద్దు. అది ఇవాళ్టిది కాదు. వాడు చిన్న కూనగా ఉన్నప్పుడు నెత్తురు విరేచనాలు పట్టి సెలైన్ మీద పడి ఉంటే, రంగనాయకమ్మ వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. "స్వామీ, ఈడు బతికితే నాతోపాటు నీ వారం సేస్తాడు" అని. బతికాడు. అప్పట్నుంచీ శనివారం పొద్దుటి తిండీ లేదు, రాత్రి తిండీ లేదు. పూజయ్యాక మధ్యాహ్నం ఒక్కసారే, గుడ్డూ కోడీ తగలని దద్దోజనం. రోజంతా తినాల్సిందంతా ఒకే బేసిన్‌లో పడేది. మూగజీవిని కడుపు మాడుస్తామా అని ఆవిడ ఇంకో రెండు గరిటెలు ఎక్కువే వేయించేది. పూజ అయ్యేదాకా వాడు గుమ్మం దగ్గర ముందుకాళ్ళు చాపుకుని కూర్చుంటే, పక్కిళ్ళ ఆడవాళ్ళు చూసి చేతులు జోడించి వెళ్ళేవారు. పైడి కూడా వాడితోపాటే ఒక్కపొద్దు ఉండేది.

ఆ రోజు కొండలరావు ఆలస్యంగా వచ్చాడు. తమ్ముడు రాకుండా హారతి ఇవ్వనని రంగనాయకమ్మ కూర్చుంది. ఆయన వచ్చేసరికి సీజర్ ముందు నేల మీద చొంగ మడుగు కట్టింది.

"ఓలమ్మ, వీడేట్రా, కిందటేడు దూడలాగుండేవోడు, ఎద్దయిపోనాడు!" అన్నాడు కొండలరావు సంచీ దించుతూ. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. మెల్లగా మాట్లాడటం ఎరగడు.

"నీ నోట్లో మన్నెయ్య. తిండికి ముందు అలాగనకూడదు," అంది అక్క.

"నాకేటి ఈర్ష్యా? నా కంచంలోది తినకపోతే చాలు."

హారతి అయింది. పైడి బేసిన్ రెండు చేతులా ఎత్తి తెచ్చింది. సీజర్ తినలేదు, మింగాడు. బేసిన్ గచ్చు మీద గరగరా జరుగుతుంటే దాని వెంట జరిగాడు. అంచులు నాకి, కూలరు కోసం తెచ్చిన బకెట్టులో మూతి పెట్టి సగం ఖాళీ చేశాడు.

అందరి భోజనాలూ అయ్యాయి. మామిడిపండు టెంక చీకుతూ కొండలరావు అడిగాడు. "ఏమే గుంటా, ఈడు తినడమేనా, ఏటైనా వచ్చునా?"

పైడి నవ్వింది. పాత టెన్నిస్ బంతి తీసి పెరటి గోడ చివరిదాకా విసిరింది. సీజర్ గుర్రంలా దూకాడు. బంతి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మళ్ళీ విసిరింది. కొండలరావు ఈల వేశాడు. రఘు కూడా మామిడి ముక్కల పళ్ళెం చేతపట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "మామా, చూశావా, పైడి మాట తప్ప ఎవరి మాటా వినడు. బిల్కుల్ వినడు," అన్నాడు. అందరూ తన వైపు చూస్తున్నా పైడికి ఆ రోజు సిగ్గు వెయ్యలేదు. వాడి వెంట తనూ పరిగెత్తింది. అంతమంది ముందు అంత గట్టిగా నవ్వడం ఆమెకదే మొదలు.

పరుగు చాలించాక సీజర్ నీడలోకి వచ్చాడు. పడుకోలేదు. నిలబడే ఉన్నాడు. తల తిప్పి తన పక్క డొక్క వైపు చూసుకున్నాడు, అక్కడెవరో పిలిచినట్టు. తర్వాత మెడ చాచి వాంతి చేసుకోబోయాడు. ఏమీ రాలేదు. తెల్లటి నురుగు దారంలా జారింది. మళ్ళీ చాచాడు. మళ్ళీ నురుగే.

పైడి డొక్క మీద చెయ్యి వేసింది. బిగుసుకుని ఉంది.

లోపలికి వెళ్ళి, "పిన్నీ, సీజర్‌కి ఏదో అవుతంది," అంది.

నళిని గిన్నెలు సర్దుతోంది. "ఏటవుతాది, మెక్కింది అరగాలి కదా. నీడన కూకోబెట్టు."

రఘు వచ్చి చూసి, "గ్యాస్, ఇంకేం కాదు. కొంచెం వాము నీళ్ళు పట్టండి," అన్నాడు. పైడి వాము మరిగించి, చల్లార్చి, వాడి దవడ పక్కనుంచి పోసింది. పోసినదంతా మూతి పక్కలనుంచి కారిపోయింది. వాడు ఆమె వంక చూశాడు. తప్పు చేసినప్పుడు చూసే చూపు అది.

రంగనాయకమ్మ కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చింది. తమ్ముడి వైపు తిరిగింది. "ఎద్దన్నావు. నోరు ముయ్యమంటే మూసేవేట్రా?"

"దిష్టయితే తీసీ అక్కా, నానేటి కాదన్నానా? ముందు నాకే తీసీ."

ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, సీజర్ ముక్కు నుంచి తోక దాకా దిగదుడవడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. అంత పొడుగు కుక్క. వంగలేక మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంది. మూకుడులో కర్పూరం వెలిగించి మిరపకాయలు వేశారు. పొగ లేచింది. ఒక్కరికీ దగ్గు రాలేదు.

"సూసేరా, కోరు లేదు, దగ్గు లేదు. ఎంత దిష్టి తగిలిందో," అంది రంగనాయకమ్మ. నళిని హమ్మయ్య అనుకుంది. కొండలరావు లెంపలు వేసుకున్నాడు. రఘు లోపలికెళ్ళి ఏసీ వేసుకుని నడుం వాల్చాడు. జబ్బు పేరు తెలిసిపోయింది, మందు కూడా పడింది, ఇక తగ్గడమే మిగిలింది అన్నట్టు ఇల్లు సద్దుమణిగింది.

పైడి వాడి దగ్గరే కూర్చుంది. పొట్ట రెండు పక్కలా పైకి లేస్తోంది. తడితే డప్పులా మోగింది. పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు ఎప్పుడూ గులాబీ రంగులో ఉండేవి, తెల్లబడ్డాయి. మిరపకాయలు పోయినేడువి, అందుకే ఘాటు రాలేదేమోనని ఒక ఆలోచన వచ్చింది. ఆ మాట మామ్మతో అనలేదు. ఇంకాసేపు చూద్దాం, పెద్దవాళ్ళకు తెలియదా అనుకుంది. ఎండ గోడ దిగి పెరట్లో సగం దాకా వెళ్ళింది. అప్పుడు సీజర్ వెనకకాళ్ళు మడతపడ్డాయి. చెట్టు కొట్టినట్టు పడ్డాడు.

"బాబాయ్!"

అది తన గొంతని పైడికే తెలియలేదు. "లెండి! అందరూ లెండి! వాడు సచ్చిపోతన్నాడు, దిష్టి కాదు, సచ్చిపోతన్నాడు!"

రఘు పరిగెత్తుకొచ్చాడు. ఒక్కసారి వాడి నోట్లో చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళాడు. కారులో వాడు పట్టడు. వీధి మూల సిమెంటు దించుతున్న చిన్న ట్రక్కును బతిమాలి తెచ్చాడు. వాడి కింద దుప్పటి దూర్చి నలుగురూ నాలుగు చెంగులు పట్టారు. డెబ్బై కిలోలు. దుప్పటి చిరిగింది. "జల్దీ భయ్యా, జరా హాథ్ లగాఓ," అని, చెయ్యి వెయ్యమని డ్రైవరును కూడా దింపి, ఇంట్లోంచి తివాచీ తెచ్చి దాని మీద ఈడ్చి ఎక్కించారు. పైడి వెనకాల రేకు మీద కూర్చుని వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. రేకు కాలుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే పక్కన స్కూటరు మీది కుర్రాళ్ళు తొంగిచూసి, "బాప్ రే, షేర్ హై క్యా?" అన్నారు, సింహమా అని. పైడి చున్నీతో వాడి ముఖానికి నీడ పట్టింది.

పశువుల డాక్టరు మంచివాడే. ఇంటికి వెళ్ళబోతున్నవాడు బండి చూసి ఆగాడు. పొట్ట తట్టి, చెవి ఆనించి విన్నాడు. గొట్టం లోపలికి పంపబోయాడు. కొంతదూరం పోయి అడ్డం తగిలింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అక్కడే. చివరికి డొక్కలో లావుపాటి సూది గుచ్చాడు. స్స్‌మని గాలి వచ్చింది. గది నిండా పులిసిన పెరుగు వాసన కమ్మింది.

"కబ్ ఖాయా? కిత్నా?" అని అడిగాడు. ఎప్పుడు తిన్నాడు, ఎంత తిన్నాడు అని.

రఘు పైడి వైపు చూశాడు. పైడి రెండు చేతులూ చాచి బేసిన్ అంత చూపించింది. డాక్టరు ఆ చేతుల మధ్య ఖాళీని చూస్తూ ఉండిపోయాడు.

"ఏక్ హీ బార్ మే? ఉస్‌కే బాద్ దౌడా?"

ఒక్కసారే. ఆ తర్వాత పరుగు కూడా. పైడి తలూపింది.

ఆయన కోప్పడలేదు. రఘుకి నిదానంగా చెప్పాడు. ఇంత పెద్ద ఒంటి జాతులకు ఇది వస్తుంది. నిండిన కడుపు లోపల మెలి తిరిగిపోతుంది. పైకి దారి ఉండదు, కిందికి దారి ఉండదు. ఇది మొదలైన వెంటనే తెచ్చి ఉంటే కోసి సరిచెయ్యడానికి ఏదో ఒక వీలుండేది. ఇప్పుడు లోపల చచ్చుబడటం మొదలైంది, గుండె లయ తప్పుతోంది. కోసే ఏర్పాటున్న పెద్ద ఆసుపత్రికి బయల్దేరితే దారిలోనే, ఇంతకంటే ఎక్కువ బాధపడి పోతాడు. సూది వేసి బాధ లేకుండా పంపడమే మంచిది.

అలా పెట్టమని ఎవరు చెప్పారని మాత్రం అడిగాడు.

రఘు, "హమ్ సబ్," అన్నాడు. మేమందరమూ అని. పైడి తన చేతులు చూసుకుంది. బేసిన్ ఎత్తింది అందరూ కాదు.

రఘు ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకరులో లేకపోయినా రంగనాయకమ్మ గొంతు గదంతా వినిపించింది.

"సూదేటి? సంపే సూదా? శనివారం పూటరా! ఆయన ఇచ్చిన ప్రాణం ఆయన రోజున తీస్తావా? రేపటిదాకా ఉంచు, నాను మొక్కుకున్నాను, నడిచి కొండెక్కుతాను."

"అమ్మా, నడవలేవు నువ్వు."

"ఎక్కుతానంటన్నాను కదా!"

"అమ్మా, వాడు రేపటిదాకా... నీకెలా చెప్పనమ్మా. ఉంటాను." రఘు ఫోను జేబులో వేసుకున్నాడు. అది మళ్ళీ మోగింది. తియ్యలేదు. డాక్టరుతో, "కర్ దీజియే," అన్నాడు, వేసెయ్యండి అని.

కాంపౌండరు ముందుకాలి మీద వెంట్రుకలు గొరిగాడు. డాక్టరు నరం కోసం వేలితో వెతికాడు. పైడి వాడి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని ఉన్న సీజర్ ఆమె వాసన పట్టి తెరిచాడు. తోక రెండుసార్లు గచ్చుకు కొట్టుకుంది. కాళ్ళు కూడదీసుకుని లేవబోయాడు. ఇల్లు చేరే వేళయింది, తను లేస్తే పైడి బయల్దేరుతుంది అనుకున్నాడో ఏమో. సూది జారింది. నెత్తురు గచ్చు మీద పడింది. ఎత్తలేని ఒళ్ళు ఎత్తబోయి వాడు మూలిగాడు. ఇంతసేపూ మూలగని వాడు.

రెండోసారి నరం దొరికింది. పైడి, "పడుకో నాన్నా," అంది. ఆ గొంతు విని వాడు మళ్ళీ లేవబోయాడు. నరం పోయింది.

డాక్టరు నుదురు తుడుచుకుని, పైడి వైపు చూడకుండా అన్నాడు. "బచ్చీ కో బాహర్ భేజియే. ఇస్‌కో దేఖ్‌కే ఉఠ్ రహా హై."

పిల్లను బయటికి పంపండి, తనని చూసే లేస్తున్నాడు అన్న మాట అర్థం కావడానికి హిందీ అక్కర్లేకపోయింది. రఘు ఆమె భుజం పట్టి లేపాడు.

"బాబాయ్, నేను మాట్లాడను. గోడవైపు తిరిగి నిలబడతాను. వాడికి కనపడను."

"వాసన తెలుస్తాది కదే పైడీ."

"ఒక్కడూ ఉంటే భయపడతాడు."

"నేనుంటాను."

"మీకు... మీకు వాడి చెవి వెనకాల ఎక్కడ నిమరాలో తెలీదు."

రఘు ఆమెను గుమ్మం దాకా నడిపించాడు. పైడి ద్వారబంధం పట్టుకుంది. రఘు వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాడు, నొప్పి పుట్టకుండా. ఆయన భుజం మీంచి ఆమెకు గచ్చు మీద ఒక చెవి, ఒక కన్ను కనిపించాయి. ఆ కన్ను తన కోసమే వెతుకుతోంది. తల మళ్ళీ లేవబోయింది.

"సూడకే. సూస్తే లేస్తన్నాడు," అని రఘు తలుపు వేశాడు.