అమ్మకు లేని జబ్బు

భూమికకు ఇంటర్‌లో వెయ్యికి ఐదువందల ముప్పై ఆరు మార్కులు వచ్చాయి. ఆర్మూర్‌లో ఆమెతో పాటు చదివిన పిల్లల ఫొటోలు కాలేజీ ఫ్లెక్సీ మీదికెక్కాయి. ఆ ఫ్లెక్సీ కట్టిన చౌరస్తా వైపు వెళ్లకుండా, భూమిక చాలా రోజులు వెనక గల్లీల్లోంచే తిరిగింది.

మార్కులు తగ్గడానికి చెప్పుకోదగ్గ కారణమేదీ లేదు. చదవలేదు, అంతే. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూసింది. రేపటి నుంచి గట్టిగా చదువుదాం అనుకుంటూనే పరీక్షల దాకా వచ్చేసింది. ఆ రెండేళ్లూ తల్లి నీలవ్వ ఆమెను ఇంట్లో పుల్ల తీసి అవతల పెట్టనివ్వలేదు. పసుపు తవ్వేటప్పుడు కూలీలతో సమానంగా తానే వంగింది. కొమ్ములు ఉడకబెట్టేటప్పుడు ఆ ఆవిరిలో తానే నిలబడింది. మళ్లీ పొద్దున్నే బిడ్డకు చాయ్ పెట్టి లేపింది. "పొల్లను గూడ జర కళ్లంకాడికి తోలియ్యరాదే" అని భర్త భూమేశ్వర్ అంటే, "దాని సదువు ఖరాబు చెయ్యకు" అని కసిరేది.

హైదరాబాద్‌లో ఒక సర్కారు యూనివర్సిటీ ఉందనీ, అక్కడ ఐదేళ్ల కోర్సుకు ప్రవేశపరీక్ష, ఇంటర్వ్యూ పెడతారనీ ఇంటర్నెట్ సెంటర్ మహేశ్ చెప్పాడు. సీట్లు బహు తక్కువ. భూమిక ఆశ లేకుండానే పరీక్ష రాసింది. అందులో బట్టీ ప్రశ్నలు లేవు, ఒక వ్యాసం ఇచ్చి దాని మీద సొంతంగా రాయమన్నారు. ఆమెకు మంచి మార్కులు వచ్చాయి. ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

"చెల్లె, నీ ఇంటర్ మార్కులు చూసినంక ఎందుకు తగ్గినయని అడుగుతరు" అన్నాడు మహేశ్. "సదువలే అని మాత్రం అనకు. ఇంట్ల ఏదో కష్టమున్నదని చెప్పు. మస్తు మంది గట్లనే చెప్తరు."

తోడుగా నీలవ్వ వచ్చింది. యూనివర్సిటీ వరండాలో తక్కిన పిల్లలు తమ శాతాలు చెప్పుకుంటున్నారు. తొంభై ఆరుకు తక్కువ ఎవరూ చెప్పలేదు. "నీకెంత?" అని ఒకమ్మాయి అడిగితే భూమిక విననట్టు బాటిల్‌లో నీళ్లు తాగింది.

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేడం జుట్టు సగం నెరిసింది.

"పరీక్షలో చాలా బాగా రాశావమ్మా. మరి ఇంటర్‌లో ఇలా ఎందుకైంది?"

భూమికకు మహేశ్ మాట గుర్తొచ్చింది. "మా అమ్మకు పాణం బాగుండలే మేడం" అంది. "రెండేండ్లు మంచంల్నే ఉన్నది."

ఆ ఒక్క మాట నోరు దాటాక మిగతావి వాటంతటవే వచ్చాయి. వంట, పసుపు తవ్వకం, కొమ్ములు ఉడకబెట్టడం, కళ్లంలో ఆరబోయడం. అవన్నీ నీలవ్వ చేసిన పనులే. భూమిక వాటిని తనవిగా చెప్పుకుంది. వింటున్న మేడం కళ్లు మెత్తబడ్డాయి.

అప్పటికి భోజనాల వేళయింది. మేడం కూడా భూమిక వెనకే బయటికి వచ్చింది. రెండు సంచులూ భుజాన వేసుకుని తలుపు దగ్గరే నిలబడ్డ నీలవ్వ, "అయిపోయిందా బిడ్డా?" అంటూ ఎదురొచ్చింది. ఇక తల్లిని మేడం కంట పడకుండా దాచడానికి వీల్లేకపోయింది.

"మీరేనా అమ్మా?" అంది మేడం. "ఇప్పుడు ఎలా ఉంది ఒంట్లో? రెండేళ్లు మంచాన పడ్డారట కదా. ఇంటి పని, పొలం పని అంతా అమ్మాయే చూసుకుందని చెప్పింది."

నీలవ్వ మేడం వైపు చూసింది. తర్వాత బిడ్డ వైపు చూసింది. మెల్లగా సంచులు కింద పెట్టి ఒక చేత్తో గోడ పట్టుకుంది.

"ఇప్పుడు నయమే మేడం" అంది. "అంత నా బిడ్డనే చేసింది."

తిరుగు బస్సు కామారెడ్డి దాటింది. తర్వాత నీలవ్వ గొంతు తగ్గించి అడిగింది.

"నాకేం రోగమని చెప్పినవే?"

ఆ గొంతులో కోపం లేదు. భూమిక కిటికీ వైపు తిరిగింది.

"మల్ల ఎవలన్న అడిగితే ఇద్దరం ఒక్కతీరుగ చెప్పాలె గదా" అంది నీలవ్వ.

"ఏ రోగమని చెప్పలే."

"అయితె నడుమని చెప్దాం. నిజంగనె గుంజుతది అప్పుడప్పుడు."

తిడితే బాగుండుననిపించింది భూమికకు. సీటులో ముడుచుకుపోయి, కళ్లు మూసుకుని, నిద్రపోయినట్టు నటించింది.

అవి పసుపు విత్తనం పెట్టే రోజులు. తెల్లారి భూమేశ్వర్ కూలీలను తీసుకుని పొలానికి బయల్దేరితే నీలవ్వ కదలలేదు. "నడుము నొస్తున్నది" అంది. మరునాడూ అదే మాట. ఎన్నడూ పగటిపూట కూర్చుని ఎరగని మనిషి, గడప మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తోంది.

"నిజంగనె నొస్తున్నదా అమ్మా?" అని అడిగింది భూమిక.

"ఏం నొప్పి లేదే. యూనివర్సిటోళ్లు అరుసుకునెటందుకు ఎవలనన్న తోలిస్తె? నేను చేన్ల వంగి కనవడితె నీ సీటు పోదా?"

భూమిక ఇంటి వెనక్కి వెళ్లింది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన నంబరుకు ఫోన్ చేసి మేడంతో మాట్లాడతానంది. మేడం గొంతు వినిపించగానే తడబడకుండా ఉండాలని ఒక్క ఊపులో చెప్పేసింది.

"మేడం, మా అమ్మకు ఏ జబ్బు లేకుండె. పని అంత అమ్మనే చేసింది. నేనే సదువలే."

"నీ మార్కులు చూసే కదమ్మా నిన్ను పిలిచాం" అంది మేడం. "ఆ మాట ఆ రోజే అని ఉంటే నిన్ను వెళ్లిపొమ్మనేవాళ్లమా? నేనిప్పుడు మిగతా ఇద్దరికీ చెప్పాలి."

మొదటి జాబితాలో భూమిక పేరు రాలేదు. రెండోదాంట్లోనూ రాలేదు. అబద్ధం వల్ల పోయిందో, అసలు వచ్చేదే కాదో తెలుసుకునే దారి లేదు. నీలవ్వ మాత్రం మూడో జాబితా ఉంటుందేమో కనుక్కొమ్మంది. అప్పుడు భూమిక ఫోన్ సంగతి చెప్పింది.

నీలవ్వ చేతిలో పని ఆగిపోయింది.

"మంచాన పడ్డనని ఒప్పుకుంటి గదనే! నీకేం తక్కువైందని చెప్పినవే?"

"అబద్ధం గదమ్మా..."

"నువ్వు చెప్పినప్పుడు గాదా అబద్ధం? గంత పెద్ద మేడం ముంగట నేను నిలవడి అబద్ధం చెప్తి. ఇప్పుడు నన్నేమనుకుంటది? ఫోన్ చేసేముందు నన్నొక్క మాట అడుగకపోతివి."

భూమికకు ఆ ఆలోచనే రాలేదు. తన మనసు తేలిక చేసుకోవాలనుకుందే గానీ, ఆ బరువు ఎవరి మీద పడుతుందో చూడలేదు. ఏదో అనబోయింది. నీలవ్వ అప్పటికే కొంగు బిగించి చేను దారి పట్టింది. చాలా రోజులు ఇద్దరి మధ్యా అన్నం తిన్నావా అన్న మాట తప్ప మరో మాట లేదు.

చివరికి భూమిక ఆర్మూర్‌లోనే డిగ్రీలో సీటు తీసుకుంది. చేరే రోజున నీలవ్వ కూడా వచ్చింది. కాలేజీ గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

"లోపలికి రా అమ్మా."

"నేనీడనే ఉంట తియ్. నువ్వే పోయిరా."

ఆఫీసు గది ముందు వరుస పొడుగ్గా ఉంది. గుమాస్తా తలెత్తకుండా "మార్కులెన్ని?" అని అడిగాడు. వెనక పాత క్లాస్‌మేట్లు ఉన్నారు. భూమిక ఐదువందల ముప్పై ఆరు అంది. ఆయనకు వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాడు. చెవులు వేడెక్కుతుండగా ఇంకాస్త గట్టిగా చెప్పింది.